సోమవారం నాటి పోటు

పెట్టె పోయిన సోమవారం నాడు, సర్వే చేసే ప్రశ్నలమ్మ ఇంకా బతికే ఉంది. పోయిన వస్తువుల పుస్తకంలో తన చేత్తో తానే రాసింది: 'ఆకుపచ్చ రేకు పెట్టె ఒకటి. లోపల సర్వే పత్రాలు నాలుగు వందల ముప్పై. మధ్యాహ్నం మూడూ నాలుగూ మధ్య పోయింది.' కింద సంతకం. పక్కన వేళ, నాలుగూ ఐదు. ఆ తర్వాత రెండు గంటలు తిరక్కుండానే ఆమె కూడా పోయింది. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్లు జెట్టీ స్తంభాల మధ్య ఆమెను చూశారు. రేవంతా ఆమె కోసం ఏడ్చింది. మనిషి పోయిన చోట పెట్టెనెవరు వెతుకుతారు?

గురువారం పొద్దున ఆరున్నరకి సర్వే ఆఫీసులో ఆ పుస్తకం ముందు స్టెనో కూర్చుని ఉంది.

ఇరవై రెండేళ్లు కోర్టులో సాక్షుల మాటల్ని షార్ట్‌హ్యాండ్‌లో రాసిన మనిషి ఆవిడ. ఉద్యోగం మానేసి సొంతంగా నేర పరిశోధనలు మొదలుపెట్టినా జనం నోట ఆ పేరే మిగిలిపోయింది. ఈ కేసు ఆమెకి అప్పగించింది చనిపోయిన పిల్ల తండ్రి. ముప్పై ఏళ్లు లాంచి నడిపిన సరంగు. బుధవారం సాయంత్రం వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా చెప్పాడు. "కాలు జారి పడిందంటున్నారమ్మా. అది నడక కన్నా ముందు ఈత నేర్చిన పిల్ల. ఏం జరిగిందో కనుక్కోండి. అంతకు మించి నాకేం వద్దు."

పుస్తకంలో ఒక్కో వస్తువుకి ఐదేసి గడులు. ప్రశ్నలమ్మ నాలుగు నింపింది. 'చివరిసారి ఎక్కడ చూశారు' అన్న గడి ఖాళీగా వదిలేసింది. పై పేజీల్లో పోయిన గొడుక్కి కూడా మూడు లైన్లు రాసిన పిల్ల అది. స్టెనో ఆ ఖాళీ గడి మీద వేలు పెట్టింది. అబద్ధాన్ని పొడిగించడం చేతకాని వాళ్లు అంతకన్నా ఏం చేస్తారు?

"చూడ్డం అయిందాండీ?" ఎదురుగా ఉన్న అధికారి గడియారం చూసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల, చేతికింద నల్ల ఫైలు. ఆరు నెలల కిందట పెద్దాఫీసు నుంచి బదిలీ మీద వచ్చాడు. ప్రశ్నలమ్మ అతని కింద పనిచేసేది. "ఎనిమిదింటికి జీపెక్కాలి. పదకొండింటికి మీటింగు."

"ఆ మీటింగు గురించే. ఆ అమ్మాయి చేసే పనేమిటో నాకర్థమయ్యేలా చెప్పండి."

"ఈ తీరంలో ఏడు రేవులున్నాయి. సముద్రం పెరుగుతోంది, చేపలు దూరం జరుగుతున్నాయి. ఏ రేవుకి ముప్పు ఎక్కువో అంచనా కట్టాలి. మూడే సంగతులు. దెబ్బ ఎంత పెద్దది? ఊరు సముద్రం మీద ఎంతగా ఆనుకుని బతుకుతోంది? పడితే లేచే శక్తి ఎంత? మూడూ కలిపితే రేవుకో మార్కు. అన్నిటికన్నా ముప్పు ఎక్కువున్న రేవుకి అడ్డుగోడ కడతారు."

"ఈ రేవుకి రాకపోతే?"

"ఇక్కడ సరుకుల జెట్టీ వస్తుంది. జనాన్ని లోపలికి తరలిస్తారు. నా చేతుల్లో ఏముందండీ, అంతా పైవాళ్ల నిర్ణయం."

"పత్రాలు పోయాయి కదా. మరి ఏ లెక్క పట్టుకెళ్తున్నారు?"

"పదకొండేళ్ల కిందటిది. నాలుగు వందల ముప్పై ఇళ్లలో సముద్రం మీద ఆధారపడ్డవి నూట నలభై."

"మిగతావాళ్లు?"

"ఇతర వృత్తులు."

"అంటే వల అల్లేవాళ్లు, ఐసు కొట్టేవాళ్లు, తట్ట మోసేవాళ్లు?"

"పాత పత్రంలో అలాగే ఉందండీ. పడవ ఉన్నవాళ్లే సముద్రం కింద లెక్క."

స్టెనో పెన్సిలు ఆగలేదు. "చేప ఎగిరొచ్చి మార్కెట్లో పడుతుందనుకున్నారు కాబోలు." తలెత్తకుండానే అడిగింది. "సోమవారం సాయంత్రం మీరెక్కడున్నారు?"

"ఇన్‌స్పెక్టర్ గారికి చెప్పాను."

"నాకూ చెప్పండి. నా రాత వేరు."

అధికారి నవ్వలేదు. పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. "లాంచి డ్రైవరు సెలవు. నేనే తీశాను. ఐదూ పదికి జెట్టీ దగ్గర్నుంచి బయల్దేరాను. ఆ రోజు పోటు, అంటే నీరు నిండే వేళ, ఐదూ పదికి, గోడ మీద పట్టిక ఉంది చూసుకోండి. బయటి దీవి దగ్గర నీటిమట్టం కొలిచే యంత్రం చూసి, రాత్రి అక్కడే ఉండి, మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకి వచ్చాను. ఆమె గడియారం ఆగింది పది తక్కువ ఆరుకి. అప్పటికి నేను సముద్రం మీద ఉన్నాను."

గోడ మీద అచ్చువేసిన పట్టిక ఉంది. సోమవారం సాయంత్రం ఐదూ పది. మంగళవారం పొద్దున ఐదూ ముప్పై నాలుగు. స్టెనో రెండు అంకెలూ రాసుకుంది.

"వెళ్లింది పోటు వేళకి. రావడం మాత్రం పోటు పోయిన నాలుగు గంటలకా?"

"నిద్రపట్టేసింది."

"నీళ్లక్కూడానా?"

అతను జవాబు చెప్పేలోపు తలుపు దగ్గర బూట్ల చప్పుడైంది. ఇన్‌స్పెక్టర్. ఈ రేవుకి వచ్చి నాలుగు నెలలు. కేసుల్ని ఒక్కరోజులో మూస్తాడన్న పేరు అప్పుడే తెచ్చుకున్నాడు.

"కోడి కన్నా ముందే లేచినట్టున్నారే స్టెనో గారూ!"

"కోడి కూయకపోయినా తెల్లారుతుంది కదండీ."

"కేసు మూసేశాను. కాలు జారింది, నీళ్లలో పడింది. డాక్టరు కూడా నీళ్లు మింగి చనిపోయిందనే రాశాడు. ఇంక మీరు కెలికేదేముంది?"

"ఏ నీళ్లో రాశాడా?"

"నీళ్లకి కులగోత్రాలుంటాయా?" ఇన్‌స్పెక్టర్ అధికారి వైపు చూసి నవ్వాడు. "సార్ మీటింగుకి వెళ్లాలి. ప్రభుత్వ పనికి అడ్డం పడితే నేను ఊరుకోను. కోర్టులో కూర్చుని గీతలు గీసుకున్నంత తేలిక కాదు దర్యాప్తు."

"ఆ గీతల్లో మీరూ ఉన్నారు. సబ్ ఇన్‌స్పెక్టర్‌గా ఉన్నప్పుడు ఒక కేసులో తొమ్మిదిసార్లు 'గుర్తులేదు' అన్నారు. నేనే రాశాను."

"నాకేం గుర్తులేదే!"

"పది," అంది స్టెనో.

అధికారి పెదవి కదిలింది. ఇన్‌స్పెక్టర్ మొహం ఎర్రబడింది. స్టెనో లేచి పుస్తకం మూసి అతని ముందుకు జరిపింది. "ఒక్క ప్రశ్న. పది తక్కువ ఆరు అన్న సంగతి రేవులో ఎవరికైనా చెప్పారా?"

"సారుకి తప్ప ఎవరికీ చెప్పలేదు. దర్యాప్తు వివరాలు దండోరా వేయించను. సాయంత్రం అని చెప్పాం. చాలదూ?"

"చాలలేదండీ," అని ఆమె బయటికి నడిచింది.

ఆఫీసు నుంచి జెట్టీకి రెండు వందల అడుగులు. లెక్కపెట్టింది. ఆఫీసుకి ఆనుకునే లాంచి షెడ్డు, దాని తలుపు మూసి ఉంది. దాటితే ఐసు ఫ్యాక్టరీ. దాని తర్వాత జెట్టీ. జెట్టీ మొదట్లో రాళ్ల కట్టు మీద సరంగు కూర్చుని ఉన్నాడు. కూతుర్ని ఇక్కణ్ణుంచి తీసుకెళ్లాక అతను జెట్టీ మీదికి రావడం ఇదే మొదటిసారి. అది కూడా స్టెనో రమ్మంటేనే.

ఆమె పక్కన కూర్చుంది. నోట్సు విప్పి అధికారి మాటల్ని ఉన్నవి ఉన్నట్టు, ఒక్క అక్షరం పొల్లుపోకుండా చదివింది. సరంగు నేల చూపులు చూస్తూ విన్నాడు. 'ఐదూ పదికి' అన్న దగ్గర తలెత్తాడు.

"మళ్లీ చదవండమ్మా."

చదివింది.

"ఐదూ పదికి ఇక్కడ పోటా? ఎవరన్నారు?"

"గోడ మీద పట్టిక."

"అది పెద్ద ఓడరేవు పట్టిక తల్లీ. అక్కడ సముద్రం గుమ్మంలోనే ఉంటుంది. మనది లోపల. మొగ, అదే సముద్రంలోకి పోయే మూతి, చూశారుగా, పట్టుమని రెండు పడవలు పక్కపక్కన పోలేవు. లోపలేమో ఇంత వెడల్పు ఉప్పునీటి కయ్య. సన్నమూతి సీసాలో బిందెడు నీళ్లు పోసినట్టు. నిండాలంటే నాలుగు గంటలు. పట్టికలో ఐదైతే ఇక్కడ తొమ్మిది. పాలు తాగే పిల్లల్నడిగినా చెబుతారు."

"అయితే మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకి లాంచి రావడం..."

"అదీ అసలు పోటు. లాంచికి నడుములోతు నీళ్లుండాలి. అప్పుడే రాగలడు, అప్పుడే పోగలడు." సరంగు ఆమె వైపు తిరిగాడు. "అమ్మా, దాని గడియారం ఎన్నింటికి ఆగిందన్నారు?"

స్టెనో చెప్పింది. అతనికి ఆ మాట ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. అతను చేతివేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. లెక్క తడబడలేదు.

"నీటివేళ రోజుకి రెండు గడియలు వెనకబడుతుంది. సోమవారం సాయంత్రం నుంచి ఈ పొద్దుటికి రెండున్నర రోజులు, ఐదు గడియలు, అంటే రెండు గంటలు. ఆ సాయంత్రం పది తక్కువ ఆరుకి ఇక్కడ నీళ్లెంత ఉన్నాయో, ఈ పొద్దున పది తక్కువ ఎనిమిదికి అంతే ఉంటాయి. ఇప్పుడెంతయింది?"

"ఏడూ నలభై."

ఇద్దరూ జెట్టీ చివరిదాకా నడిచారు. నీళ్లలోకి దిగే మెట్లు పంతొమ్మిది, ఒక్కోదాని మీద సున్నంతో అంకె వేసి ఉంది. స్టెనో పై నుంచి లెక్కపెట్టుకుంటూ దిగింది. పదో మెట్టు ఆరిపోయి ఉంది. పద్నాలుగోది తడి, పాచి. పంతొమ్మిదోది కూడా బయటే ఉంది. దాని కింద నల్లటి బురద, బురదలో ఒరిగిపోయిన పడవలు. నీళ్లు దూరంగా సన్నటి గీతలా మెరుస్తున్నాయి. ఆమె గడియారం పది తక్కువ ఎనిమిది చూపించేదాకా నిలబడింది. చూపించాక ఒక గులకరాయి తీసి, శవం దొరికిన స్తంభాల మధ్యకి విసిరింది.

థప్పుమంది. అంతే.

సరంగు ఆ రాయిని చూశాడు. "ఇక్కడ మునగలేదు నా తల్లి," అన్నాడు. "ఇక్కడ పడితే మోకాలు విరుగుతుంది."

ఓదార్చే మాటలు వెతకడం కన్నా కళ్లకి పని చెప్పడం మేలనిపించింది స్టెనోకి. మెట్ల కింద, రాళ్ల కట్టు లోపలికి గుహలా ఖాళీ ఉంది. పాచి తెరలా వేలాడుతోంది. తెర అంతా ఒకే పొడుగు. ఒక్క చోట మాత్రం చెయ్యి దూరేంత మేర తెగి ఉంది.

"సరంగు గారూ, ఇటు చూడండి."

ఆయన బురదలోకి దిగాడు. మోకాళ్లు దాటి కూరుకుపోతూ, పాచి పక్కకి నెట్టి, లోపలికి చెయ్యి పెట్టాడు. ఇనుప కడియం, దానికి తాడు. తాడు పట్టుకుని ఆగిపోయాడు.

"ఏమైంది?"

"ఈ ముడి నాది." ముడి మీద వేలు ఆనించాడు. "పిల్లకి ఏడేళ్లప్పుడు నేర్పాను. లాగేకొద్దీ బిగుస్తుంది. విప్పాలంటే ముందు లోపలికి నెట్టాలి."

లోపలికి నెట్టాడు. ముడి వదులైంది. తాడు చివర ఆకుపచ్చ రేకు పెట్టె వచ్చింది. మూత చుట్టూ సైకిలు ట్యూబు బిగించి ఉంది. వేటకెళ్లేవాళ్లు అగ్గిపెట్టె తడవకుండా చేసుకునే ఏర్పాటు.

పెట్టె పోలేదు. సోమవారం మూడింటికి, నీరు బాగా తీసిన వేళ, ప్రశ్నలమ్మే దాన్ని ఇక్కడ కట్టి, వెళ్లి పుస్తకంలో పోయిందని రాసింది. పట్టిక చూసి బతికేవాడికి ఈ చోటు నీళ్ల అడుగు. ఇక్కడ పుట్టినవాళ్లకి రోజుకి రెండుసార్లు తెరుచుకునే అల్మరా.

"ఏంటది?" పై మెట్టు మీద ఇన్‌స్పెక్టర్ నిలబడి ఉన్నాడు. వెంట వచ్చి ఎంతసేపయిందో. "దర్యాప్తులో ఉన్న వస్తువు ముట్టుకుంటే..."

"దర్యాప్తు మూసేశానన్నారు కదా." స్టెనో వెనక్కి తిరిగింది. "తిట్టేది తర్వాత తిడుదురు గాని, ఒక పని చేయండి. మీ కాళ్ల దగ్గర రాళ్లున్నాయి. ఒకటి ఆ స్తంభాల మధ్యకి విసరండి. సోమవారం పది తక్కువ ఆరుకి ఇక్కడ నీళ్లు సరిగ్గా ఇంతే ఉన్నాయి. ఎందుకో ఈయన చెబుతారు. అధికారి చూపించిన పట్టిక వేరే రేవుది."

"మీరు చెప్పగానే నమ్మాలా?"

"వద్దు. కట్టు మీద ఎవరినైనా అడగండి."

ఇన్‌స్పెక్టర్ ఆమెని చూశాడు. సరంగుని చూశాడు. పైన పడవ పక్కన గేలాలు సర్దుకుంటున్న ముసలామెని కేకేసి అడిగాడు. "అవ్వా! పట్టికలో ఐదంటే ఇక్కడ పోటు ఎన్నింటికి?"

"తొమ్మిదికి నాయనా. కొత్తా?"

అతను వంగి ఒక రాయి తీసుకున్నాడు. విసిరాడు. రాయి పడిన చోటు చూస్తూ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. తర్వాత మాట్లాడినప్పుడు గొంతులో వెటకారం లేదు.

"అంటే అతను ఐదూ పదికి బయల్దేరలేదు."

"తొమ్మిదికి బయల్దేరాడు. చీకట్లో. ఆమెని తీసుకుని. ఇక్కడ వదిలి, మొగ దాటి, మళ్లీ పోటు వచ్చేదాకా బయట ఉండి, అందరూ చూస్తుండగా తిరిగొచ్చాడు."

"మరి ఆరింటికి ఎక్కడ..." ఇన్‌స్పెక్టర్ ఆగాడు.

"అదే నేనూ వెతుకుతున్నది. ఆ వేళప్పుడు ఈ రేవులో మనిషి మునిగేన్ని నీళ్లు రెండే చోట్ల ఉన్నాయి. ఒకటి ఐసు ఫ్యాక్టరీ తొట్టి. అక్కడ ఏడింటిదాకా పదకొండుమంది ఆడవాళ్లు పనిచేస్తున్నారు, నిన్న రాత్రి అందరినీ అడిగాను. రెండోది..."

"పరికరాల గది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఆఫీసు వెనక. నీటిమట్టం యంత్రాలు సరిచూసే సిమెంటు తొట్టి. తాళం అతని దగ్గరే ఉంటుంది."

"మీరు చూశారా?"

అతను మెట్టు మీద కూర్చున్నాడు. ఆ బరువైన మనిషి, ఆ బూట్లతో, సున్నం అంకె మీదే.

"మంగళవారం పదిన్నరకి వాంగ్మూలం తీసుకోడానికి వెళ్లాను. తొట్టి ఖాళీ చేసి తానే బ్రష్షుతో కడుగుతున్నాడు. పాచి పట్టిందన్నాడు. చేతులు తుడుచుకుని టీ తెప్పించాడు." సరంగు వైపు చూడలేకపోయాడు. "ఆ తొట్టి గట్టు మీద కూర్చునే తాగాను."

దూరాన నీటి గీత కొంచెం దగ్గరైంది.

స్టెనోకి ఇప్పుడు మిగతాది కనబడింది. ఇక్కడ సరుకుల జెట్టీ రావాలంటే ఈ పత్రాలు మాయం కావాలి, ఇవ్వమన్నాడు. ఆమె పోయాయంది. నమ్మలేదు. ఎక్కడ పెట్టావో చెప్పమని తొట్టి దగ్గర తల వంచి పట్టుకుని ఉంటాడు. ఈత వచ్చిన పిల్లకి ఈదే చోటు లేదు. ఆమె చెప్పలేదు. చెప్పి ఉంటే పెట్టె ఇక్కడ ఉండేది కాదు. ఇదంతా స్టెనో పైకి అనలేదు. తండ్రికి లెక్కలొచ్చు, తనే కట్టుకుంటాడు.

కట్టు మీద జీపు స్టార్టయిన చప్పుడైంది. ముగ్గురూ తలెత్తారు. జీపు జెట్టీ మొదటికి వచ్చి ఒక్క క్షణం ఆగింది. అద్దం వెనక ఇస్త్రీ చొక్కా. అతని చూపు మెట్ల మీదికి, అక్కణ్ణుంచి సరంగు చేతుల్లో ఉన్న ఆకుపచ్చ పెట్టె మీదికి వచ్చింది. జీపు దూకినట్టు కదిలి రోడ్డెక్కింది.

"చూశాడు," అంది స్టెనో.

ఇన్‌స్పెక్టర్ అప్పటికే మెట్లెక్కుతున్నాడు. సగంలో ఆగి, "పెట్టె మీ దగ్గరే ఉంచండి. ఎవరికీ ఇవ్వకండి. నేనడిగినా చీటీ లేకుండా ఇవ్వకండి," అన్నాడు. పరికరాల గదికి ఒక కానిస్టేబుల్‌ని కాపలా పెట్టమని అరుస్తూ పరిగెత్తాడు.

సరంగు పెట్టె మోకాళ్ల మీద పెట్టుకుని ట్యూబు విప్పాడు. లోపల చుక్క తడి లేదు. పత్రాలన్నీ పెన్సిలుతో రాసినవే. నీళ్ల దగ్గర పని చేసేవాళ్లు సిరా వాడరు. ఒక్కో ఇంటికి ఒక్కో పత్రం. చివరి ప్రశ్న అన్నిట్లో ఒకటే: 'పడవలు కదలకపోతే మీ ఇంట్లో పొయ్యి ఎన్నాళ్లు వెలుగుతుంది?' ఈ ప్రశ్న వల్లే ఆమెకి ప్రశ్నలమ్మ అన్న పేరు వచ్చింది. జవాబులు వాళ్ల మాటల్లోనే రాసుకుంది. నాలుగు రోజులు. రెండు రోజులు. 'మా అత్త అలిగి పస్తుంటే వారం.' మూడు రోజులు. 'ఆ మాటనకమ్మా.' రెండు రోజులు.

స్టెనో వేగంగా తిరగేసింది. సముద్రం కాక ఇంకో ఆధారం ఉన్న ఇళ్లు పద్దెనిమిది. సముద్రం మీద బతికేవి నూట నలభై కాదు, నాలుగు వందల పైన. ఈ కాగితాలు పదకొండింటికి ఆ బల్ల మీద ఉంటే గోడ ఎక్కడికి రావాలో అక్కడికే వస్తుంది.

అట్టడుగు పత్రం దగ్గర ఆమె చెయ్యి ఆగింది. దాని నంబరు నాలుగు వందల ముప్పై. 'ఇంటి పెద్ద' అన్న చోట ప్రశ్నలమ్మ పొరపాటున 'నాన్న' అని రాసి, కొట్టేసి, పక్కన పేరు రాసింది. మిగతా గడులన్నీ ఖాళీ. పత్రం వెనక అచ్చులో నియమం ఉంది: సర్వే చేసేవారు తమ సొంత ఇంటి పత్రం నింపరాదు, అధికారి నింపాలి.

"నన్నెప్పుడూ అడగలేదు," అన్నాడు సరంగు. "అందర్నీ అడిగావు, నన్నడగవేమే అన్నాను. నిన్ను మా సారు అడగాలి నాన్నా, అంది."

స్టెనో సంచిలోంచి పెన్సిలు తీసింది. మొన చూసుకుంది. కోర్టులో ఇరవై రెండేళ్లూ ఆమె జవాబులు రాసిందే తప్ప ప్రశ్న అడగలేదు.

"పడవలు కదలకపోతే," అంది, "మీ ఇంట్లో పొయ్యి ఎన్నాళ్లు వెలుగుతుంది?"

సరంగు నీళ్ల వైపు చూశాడు. నీరు పంతొమ్మిదో మెట్టుని తాకింది. ఆమె పెన్సిలు కాగితం మీద ఆనించి ఎదురుచూసింది.

జీపు ఇంకా దొరకలేదు. మీటింగుకి రెండు గంటల యాభై నిమిషాలుంది. నాలుగు వందల ఇరవై తొమ్మిది ఇళ్లు పూర్తయ్యాయి. ఒక ఇల్లు ఇంకా రాయాలి.